మాటకు గురి, మాటకు చూపు

బడిలో తెలుగు ప్రశ్నపత్రం అందుకున్న ప్రతి ఒక్కరికీ మూడు చిన్న ప్రశ్నలు గుర్తుంటాయి. ఈ మాటకు పర్యాయపదాలు రాయండి. ఈ మాటకు నానార్థాలు రాయండి. ఈ మాటకు వ్యుత్పత్త్యర్థం రాయండి. ఒక్కోదానికి ఒకటో రెండో మార్కులు. బట్టీపట్టి రాసేసి, పరీక్ష హాలు గుమ్మం దాటగానే మరిచిపోతాం.

నిజానికి ఆ మూడూ చాలా లోతైన ప్రశ్నలు. ఒకే వస్తువుకు నాలుగైదు పేర్లుంటే ఆ పేర్లన్నిటి అర్థం ఒకటేనా? 'హరి' అన్న ఒక్క మాట విష్ణువును, సింహాన్ని, కోతిని, కప్పను కూడా చెప్పగలిగితే, ఫలానా వాక్యంలో అది ఎవరిని చెబుతోందో వినేవాడికి ఎలా తెలుస్తోంది? 'దాశరథి' అంటే దశరథుని కుమారుడు అని రాస్తే మార్కు వేస్తారు. దశరథుడికి కొడుకులు నలుగురు కదా, మరి ఆ మాట వినగానే రాముడొక్కడే ఎందుకు తలపుకు వస్తాడు?

ఈ ప్రశ్నల మీద మన దేశంలో నైయాయికులు, మీమాంసకులు, వ్యాకరణవేత్తలు, బౌద్ధ తార్కికులు వెయ్యేళ్ళకు పైగా వాదించుకున్నారు. ఐరోపాలో, అమెరికాలో గత నూట ముప్పై ఏళ్ళలో ఇవే ప్రశ్నల చుట్టూ భాషా తత్వశాస్త్రం అనే పెద్ద శాఖ ఎదిగింది. ఈ అధ్యాయంలో ఆ శాఖకు పునాది అయిన రెండు భావాలను పట్టుకుందాం. మాట లోకంలో దేన్ని తాకుతుందో దాన్ని ఆ మాట 'గురి' అందాం. ఆ గురిని మాట ఏ వైపు నుంచి, ఏ విధంగా చూపిస్తుందో దాన్ని ఆ మాట 'చూపు' అందాం. అర్థం అని మనం ఒకే పేరుతో పిలిచేదానిలో ఈ రెండూ కలగలిసి ఉన్నాయి. వీటిని విడదీసి చూడడం వస్తే చాలా చిక్కులు వాటంతట అవే విడిపోతాయి. ఈ రెండిటికీ తోడు మూడోది కూడా ఒకటి ఉంది. దాని దగ్గరికి చివర్లో చేరుకుంటాం.

వేరుకు కాయని వేరుశనగ

ముందు వ్యుత్పత్తి ప్రశ్న. 'వేరుశనగ' అన్న మాటనే తీసుకోండి. మాటను విడగొడితే వేరు, శనగ అని వస్తుంది. కానీ ఆ కాయ వేరుకు కాయదు. పువ్వు నేల మీదే పూస్తుంది. పూత రాలాక దాని అడుగు నుంచి ఊడలాంటిది ఒకటి కిందికి సాగి, మట్టిలోకి దిగి, అక్కడ కాయగా మారుతుంది. పోనీ శనగా అంటే అదీ కాదు. శనగకు ఇది దూరపు చుట్టమే తప్ప శనగ జాతి మొక్క కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. మాటలోని రెండు ముక్కలూ తప్పే. అయినా బజారులో 'అరకిలో వేరుశనగ గుళ్ళు' అని అడిగితే ఎవరూ పొరబడరు.

ఊళ్ళ పేర్లూ అంతే. ఎన్ని తరాలు గడిచినా కొత్తపేట కొత్తపేటే. నల్లగొండలో కొండకు ఎవరైనా సున్నం కొట్టినా ఊరి పేరు చెరిగిపోదు. 1843లో ఇంగ్లండు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ తన తర్కశాస్త్ర గ్రంథంలో సరిగ్గా ఇదే చెప్పాడు. డార్ట్ అనే నది ముఖద్వారం దగ్గర ఉంది కాబట్టి ఒక ఊరికి డార్ట్‌మౌత్ అని పేరొచ్చింది. రేపు ఇసుక మేటవేసి నది దారి మళ్ళితే, ఊరు పేరు మార్చుకోనక్కరలేదు. పేరు ఎందుకు వచ్చిందన్నది ఒక సంగతి, పేరు దేన్ని చూపుతోందన్నది మరో సంగతి. మిల్ దృష్టిలో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు వట్టి గుర్తులు. వాటికి గురి తప్ప మరేమీ లేదు.

మన శాస్త్రాలు ఈ విషయాన్ని ఇంకా సూక్ష్మంగా విడగొట్టాయి. మాటలోని ముక్కల బలంతో వచ్చే అర్థం యోగం. ముక్కలతో పనిలేకుండా వాడుక బలంతో వచ్చే అర్థం రూఢి. రెండూ కలిసి పనిచేస్తే యోగరూఢి. దీనికి పాత ఉదాహరణ 'పంకజం'. బురదలో పుట్టేవన్నీ పంకజాలే కావాలి, కానీ ఆ మాట తామరనే చెబుతుంది. దాశరథి కథ కూడా ఇదే. యోగం నలుగురు అన్నదమ్ములనూ చూపిస్తుంది, రూఢి వారిలో ఒకరి దగ్గర ఆగుతుంది.

వేగుచుక్క, మూఢం

ఇప్పుడు పర్యాయపదాలు. మిల్ చెప్పినట్టు పేరుకు గురి తప్ప మరేమీ లేకపోతే, ఒకే గురి ఉన్న రెండు పేర్లు అన్ని చోట్లా ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోతాయా?

తెల్లవారుజామున తూర్పున మెరిసే వేగుచుక్క పల్లెల్లో పొలం పనులకు లేచేవారికి గడియారం. పొద్దుగూకాక పడమట ఒక చుక్క అంతే తెల్లగా వెలుగుతుంది. దాన్ని సందెచుక్క అందాం. రెండూ ఒకే రోజున కళ్ళపడవు. కొన్ని నెలలు ఇది, కొన్ని నెలలు అది. నిజానికి రెండూ శుక్రగ్రహమే. సూర్యుడికి మనకంటే దగ్గరగా తిరుగుతుంది కాబట్టి ఆకాశంలో సూర్యుడి నుంచి 48 డిగ్రీలకు మించి దూరం పోలేదు. సూర్యుడికి ముందు నడిచేటప్పుడు వేకువన, వెనక నడిచేటప్పుడు సందెవేళ కనిపిస్తుంది. మధ్యలో సూర్యకాంతిలో కలిసిపోయి కొన్నాళ్ళు మాయమవుతుంది. ఈ చక్రం ఒకసారి తిరగడానికి సుమారు 584 రోజులు పడుతుంది.

ఆ మాయమైన రోజులను మన పంచాంగాలు శుక్ర మౌఢ్యం అంటాయి. వాడుకలో మూఢం. మూఢం వచ్చిందంటే పెళ్ళి ముహూర్తాలు ఆగుతాయి. మూఢం అనే లెక్క పుట్టాలంటే, పడమట మునిగిన చుక్కే కొన్నాళ్ళకు తూర్పున తేలిందని ఎవరో ముందుగా గ్రహించి ఉండాలి. క్రీస్తుకు పూర్వం 17వ శతాబ్దంలో బాబిలోనును ఏలిన అమ్మిసదుకా కాలంలో శుక్రుడు ఎప్పుడు మునిగాడో, ఎప్పుడు తేలాడో ఏళ్ళ తరబడి చూసిన లెక్కలు మట్టి పలకల్లో ఉన్నాయి. అక్కడ కూడా ఒకే గ్రహమని తెలిసింది. తొలినాళ్ళ గ్రీకులకు మాత్రం ఇవి రెండు చుక్కలు. వేకువ చుక్కకు ఫాస్ఫొరస్, సందెచుక్కకు హెస్పెరస్ అని వేర్వేరు పేర్లు పెట్టుకున్నారు.

జర్మనీలో యేనా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన గాట్లాబ్ ఫ్రెగె 1892లో ఈ చుక్కనే పట్టుకుని ఒక వ్యాసం రాశాడు. 'వేగుచుక్క వేగుచుక్కే' అంటే వినేవాడికి కొత్తగా ఏమీ తెలియదు. ఆకాశం వంక చూడకుండానే ఒప్పుకోవచ్చు. 'వేగుచుక్క సందెచుక్కే' అంటే అది ఖగోళశాస్త్రం కష్టపడి సంపాదించిన జ్ఞానం. రెండు పేర్ల గురీ ఒకటే అయినప్పుడు, ఒక పేరు తీసి మరో పేరు పెట్టగానే ఆ జ్ఞానం ఎక్కడి నుంచి వచ్చింది?

ఫ్రెగె జవాబు: ప్రతి పేరుకూ గురితో పాటు చూపు కూడా ఉంది. వేగుచుక్క అన్న పేరు శుక్రుణ్ణి వేకువ వైపు నుంచి చూపిస్తుంది, సందెచుక్క అన్న పేరు సందె వైపు నుంచి చూపిస్తుంది. రెండు చూపులు ఒకే గురి దగ్గర కలుస్తాయని తెలియడమే ఆ కొత్త జ్ఞానం. ఇంట్లో కూడా ఇది రోజూ జరుగుతుంది. భర్తను పేరుపెట్టి పిలవని పాతకాలపు ఇల్లాలు 'మా ఇంటాయన' అంటుంది, 'పెద్దోడి నాన్న' అంటుంది. వీధిలో ఆయన 'పోస్టు మాస్టారు'. చెల్లెలికి 'అన్నయ్య'. గురి ఒక్కటి, చూపులు నాలుగు. పోస్టు మాస్టారే ఫలానావిడ అన్నయ్య అని తెలియని మనిషికి ఆ ముక్క చెబితే అది నిజంగా కబురే.

చూపు అంటే ఒక్కొక్కరి మనసులో మెదిలే బొమ్మ కాదని ఫ్రెగె గట్టిగా చెప్పాడు. అందుకు చంద్రుణ్ణి దుర్భిణితో చూడడం ఉదాహరణగా ఇచ్చాడు. చంద్రుడు గురి. చూస్తున్నవాడి కంటిపాపలో పడే బింబం అతని సొంతం, అది మరొకరికి అందదు. దుర్భిణి కటకంలో ఏర్పడే బింబం మాత్రం ఒక కోణం నుంచి తీసినదే అయినా, కన్ను పెట్టిన వారందరికీ అందుతుంది. చూపు ఆ కటకంలోని బింబం లాంటిది. అందుకే నువ్వు చెప్పింది నాకు అర్థమవుతోంది.

కుందేటి కొమ్ము

గురి లేని మాటల సంగతేమిటి? కుందేటి కొమ్ము, గొడ్రాలి బిడ్డ, ఆకాశ పుష్పం. తెలుగువాడు కోపం వస్తే 'గాడిద గుడ్డు' అంటాడు. 'కుందేటి కొమ్ము లేదు' అన్నది నిజమైన వాక్యం. కానీ దేన్ని గురించి నిజం? ఉన్న వస్తువును గురించి 'లేదు' అనలేం. లేని వస్తువును గురించి ఏదైనా అనడానికి అసలు అక్కడ వస్తువే లేదు.

10, 11 శతాబ్దాల నాటి ఉదయనాచార్యుడూ ఆయన పరంపరలోని నైయాయికులూ దీనికి తేటగా దారి చూపారు. కుందేలు ఉంది. కొమ్ములూ ఉన్నాయి, ఆవుకో మేకకో. 'కుందేటి కొమ్ము లేదు' అంటే కుందేలు మీద కొమ్ము లేదని. రెండు నిజమైన వస్తువుల మధ్య ఒక సంబంధాన్ని కాదంటున్నాం, అంతే. పైకి ఒకే వస్తువు పేరులా కనిపించిన మాటను విప్పి, ముక్కలు చేసి, ఆ ముక్కలను లోకంలో ఉన్నవాటికి తగిలించారు. బౌద్ధ తార్కికులు ఇది ఒప్పుకోలేదు. లేనివాటి గురించి కూడా మనసు కల్పించుకుని మాట్లాడగలదని వాదించారు.

1905లో బెర్ట్రండ్ రస్సెల్ ఇంగ్లండులో ఇలాంటి దారే పట్టాడు. 'ఇప్పటి ఫ్రాన్సు రాజుది బట్టతల' అన్న వాక్యాన్ని తీసుకున్నాడు. ఫ్రాన్సులో 1848 నుంచీ రాజు లేడు. ఈ వాక్యం విప్పితే మూడు మాటలు చెబుతుంది: ఫ్రాన్సుకు ఇప్పుడు రాజు ఒకడున్నాడు, ఒక్కడే ఉన్నాడు, అతనిది బట్టతల. మొదటిదే తప్పు కాబట్టి మొత్తం తప్పు. 'ఫలానా పని చేసినవాడు', 'ఫలానా చోట ఉన్నది' లాంటి వర్ణనలు పేర్లలా కనిపిస్తాయి కానీ పేర్లు కావని రస్సెల్ తేల్చాడు. మామూలు పేర్లు కూడా దాచిపెట్టిన వర్ణనలేనన్నాడు.

1950లో పీటర్ స్ట్రాసన్ దీన్ని ఎదిరించాడు. మాటకు గురి ఉండదు, మాటను వాడే మనిషికి గురి ఉంటుందన్నాడు. 1966లో కీత్ డానెలన్ మరో అడుగు వేశాడు. పెళ్ళి పందిట్లో 'ఆ కాఫీ తాగుతున్నాయనే మా మేనమామ' అని చూపించామనుకోండి. ఆయన గ్లాసులో ఉన్నది టీ. వర్ణన తప్పింది, గురి తప్పలేదు. ఎవరిని చూపామో అందరికీ అర్థమైంది. వర్ణన తప్పినా గురి నిలుస్తుందన్న ఈ చిన్న విషయం తర్వాత పెద్ద మలుపుకు దారితీసింది. ఆ మలుపును గుంటూరు నుంచి చూడొచ్చు.

గుంటూరు ఆకాశంలో గ్రహణం

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాని నీడ ఆంధ్రతీరం మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియెర్ జాన్సెన్ గుంటూరులో పరికరాలు అమర్చుకున్నాడు. మద్రాసు నక్షత్రశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం చేరుకున్నాడు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును పట్టకం గుండా రంగులుగా విడదీసి చూడడం వారి పని. ఆ వెలుగులో ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియం గీతలకు దగ్గరగా ఉంది కానీ సరిగ్గా వాటి చోట లేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ మంటలను పరిశీలించి ఆ గీతను చూశాడు. భూమి మీద తెలిసిన ఏ మూలకమూ ఆ గీతను ఇవ్వడం లేదు. కొత్త మూలకమై ఉండాలని తలచి, గ్రీకులో సూర్యుడికున్న హీలియోస్ అన్న పేరు నుంచి దానికి హీలియం అని పేరు పెట్టారు. లోహాల పేర్ల చివర వచ్చే 'ఇయం' దానికీ తగిలించారు.

తర్వాత 27 ఏళ్ళకు, 1895లో, విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి వాయువును వెలికితీసి, దాని వెలుగులో అదే పసుపు గీతను చూశాడు. హీలియం భూమి మీద దొరికింది. అది లోహం కాదు. సూర్యుడికే పరిమితమూ కాదు.

'హీలియం' అన్న పేరుకు అర్థం 'భూమి మీద లేని, సూర్యుడిలో ఉన్న లోహం' అయితే, రామ్సేకు దొరికింది హీలియం కాకూడదు. కానీ ఎవరూ అలా అనలేదు. లాకియర్ ఏ పదార్థానికి పేరు పెట్టాడో రామ్సే దాన్నే పట్టుకున్నాడు. తెలిసిన వివరాల్లో సగం తప్పినా పేరు మాత్రం 27 ఏళ్ళూ తన గురిని వదల్లేదు.

దీని పక్కనే మరో కథ పెట్టి చూడాలి. మరుసటి ఏడాది, 1869 ఆగస్టు గ్రహణంలో, సూర్యుడి చుట్టూ ఉండే కరోనా వెలుగులో ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. దానికీ తెలిసిన మూలకమేదీ సరిపోలేదు. దానికీ ఒక కొత్త మూలకాన్ని ఊహించి కరోనియం అని పేరు పెట్టారు. పద్ధతిలో తేడా ఏమీ లేదు. ఏడు దశాబ్దాల తర్వాత వాల్టర్ గ్రోట్రియన్, బెంగ్ట్ ఎడ్లెన్ అసలు గుట్టు విప్పారు. ఆ గీతను ఇచ్చేది మామూలు ఇనుమే. లక్షల డిగ్రీల వేడిలో 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము. కరోనియం అనే మూలకం లేదు.

హీలియం, కరోనియం ఒకే తీరులో పుట్టిన రెండు మాటలు. ఒకటి లోకాన్ని తాకింది, ఒకటి తాకలేదు. పేరు పెట్టినవారి మనసుల్లో చూసి ఈ తేడా కనిపెట్టలేం. ఏది దేన్ని తాకిందో తేల్చేది లోకమే.

బారసాల నుంచి మన దాకా

1970 జనవరిలో, అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో, 29 ఏళ్ళ సాల్ క్రిప్కి రాసుకున్న ప్రసంగపాఠం లేకుండా మూడు ఉపన్యాసాలు ఇచ్చాడు. పేర్లు దాచిపెట్టిన వర్ణనలు అన్న రస్సెల్ వాదాన్ని ఆ ఉపన్యాసాలు కుదిపేశాయి. ఆయన వాదాన్ని వేమన పేరుతో చెప్పుకుందాం.

వేమన ఎవరని అడిగితే 'ఆటవెలదుల్లో నీతులు చెప్పిన యోగి' అంటాం. ఆయన పేరుతో వేల పద్యాలు తిరుగుతున్నాయి. సీపీ బ్రౌన్ 1829లో వాటిలో కొన్నిటిని అచ్చువేయించాడు. వాటిలో ఏవి ఆయనవో, ఏవి తర్వాతివారు కలిపినవో పండితులు నేటికీ చర్చిస్తూనే ఉన్నారు. రేపు ఎవరైనా వాటిలో చాలా పద్యాలు మరొకరివని రుజువు చేశారనుకోండి. 'వేమన' అంటే 'ఈ పద్యాలు చెప్పినవాడు' అనే అర్థమైతే, మనం ఇన్నాళ్ళూ వేమన అంటూ ఆ మరొకరిని పిలుస్తున్నట్టు అవుతుంది. 'వేమన ఈ పద్యాలు చెప్పలేదు' అన్న వాక్యం వట్టి పిచ్చిమాట అవుతుంది. కానీ అది పిచ్చిమాట కాదు. నిజమో అబద్ధమో తేల్చవలసిన చక్కని చారిత్రక ప్రశ్న. పైథాగరస్ విషయమూ అంతే. లంబకోణ త్రిభుజపు లెక్క బాబిలోను పలకల్లో ఆయనకు వెయ్యేళ్ళకు పైగా ముందే ఉందని తెలిశాక, ఆయన పేరు ఎవరో బాబిలోను లేఖకుడి పేరుగా మారిపోలేదు.

మరి పేరు గురిని ఎలా పట్టుకుంటుంది? క్రిప్కి చెప్పింది ఇది. మొదట ఒక నామకరణం జరుగుతుంది. మనిషిని ఎదుట పెట్టుకునో, లేదా 'ఆ పసుపు గీతను ఇచ్చేది' అంటూ వర్ణించో పేరు పెడతారు. అక్కడి నుంచి పేరు నోటి నుంచి నోటికి గొలుసులా సాగుతుంది. అందుకున్న ప్రతివాడూ తనకు అందించినవాడు ఎవరిని ఉద్దేశించాడో వారినే ఉద్దేశించాలి. అంతవరకు చేస్తే చాలు, ఆ మనిషి గురించి వేరే ఏమీ తెలియకపోయినా, తెలిసిందంతా తప్పైనా, పేరు మాత్రం గురిని తాకుతుంది. అధ్యాయం మొదట్లో మూడోది ఒకటుందన్నది ఈ గొలుసునే.

మన ఇళ్ళలో బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి ఉంగరంతో బిడ్డ పేరు రాస్తాడు. ఈ పేర్ల బలం ఎక్కడిదని మన తార్కికులూ అడిగారు. మాటకూ అర్థానికీ ఉన్న సంబంధాన్ని వారు శక్తి అన్నారు. ఈ మాట నుంచి ఈ అర్థం తెలియాలి అన్న ఈశ్వర సంకేతమే శక్తి అని ప్రాచీనుల మతం. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో ఈ నిర్వచనమే ఉంది. మరి నిన్న పుట్టిన బిడ్డకు నేడు తండ్రి పెట్టిన పేరులో ఈశ్వర సంకేతం ఎక్కడుంది? పదకొండో నాడు తండ్రి పేరు పెట్టాలని శాస్త్రం చెబుతోంది కాబట్టి ఈశ్వరేచ్ఛ అందులో కూడా ఉందని సంప్రదాయవాదులు అన్నారు. అంత దూరం పోనక్కరలేదు, పేరు పెట్టినవారి ఇచ్ఛే చాలునని నవ్యులు అన్నారు. అదే కాలపు న్యాయసిద్ధాంతముక్తావళిలో ఈ చర్చ కనిపిస్తుంది. క్రిప్కి నామకరణాన్ని మొదటి మెట్టుగా చెప్పడానికి మూడు శతాబ్దాల ముందే మన తార్కికులు ఆ మెట్టు మీద నిలబడి వాదించుకున్నారు.

గొలుసు ఎప్పుడూ తెగదని కాదు. మడగాస్కర్ అన్న పేరు మొదట ఆఫ్రికా ప్రధాన భూభాగంలోని ఒక ప్రాంతానిదని, మార్కో పోలో పొరబడి దాన్ని దీవికి అంటగట్టాడని గారెత్ ఎవాన్స్ 1973లో గుర్తుచేశాడు. అందరూ ఆ పొరపాటునే అందుకున్నారు, ఇప్పుడు మడగాస్కర్ అంటే దీవే. గొలుసు మధ్యలో ఒకరు గురి మార్చితే, దిద్దేవాళ్ళు లేకపోతే, కొత్త గురే నిలబడిపోతుంది.

గీటురాయి

ఈ గొలుసు మనుషుల పేర్లకూ ఊళ్ళ పేర్లకూ మాత్రమే కాదు, బంగారం, నీరు లాంటి మాటలకూ ఉంది. 1975లో హిలరీ పట్నం ఒక ఊహ చెప్పాడు. అచ్చం భూమిలాంటి మరో లోకం ఉందనుకోండి. అక్కడ నదుల్లో పారేది, దాహం తీర్చేది, వానగా కురిసేది చూడ్డానికి, రుచికి మన నీటిలాగే ఉంటుంది. కానీ అది హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి ఏర్పడింది కాదు, వేరే రసాయనం. 1750లో ఇక్కడివాడూ అక్కడివాడూ 'నీరు' అన్నప్పుడు ఇద్దరి మనసుల్లోనూ ఉన్నది ఒకటే, ఎందుకంటే నీటి కూర్పు అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా ఇద్దరి మాటల గురి వేరు. కాబట్టి అర్థం మొత్తం తలలోనే ఉండదని పట్నం తేల్చాడు.

ఆయన చెప్పిన రెండో సంగతి మన నగల కొట్టులోనే కనిపిస్తుంది. బంగారం అన్న మాట అందరం వాడతాం. కాకిబంగారానికీ మేలిమికీ తేడా కనిపెట్టగలిగినవాళ్ళు ఎందరు? కంసాలి గీటురాయి మీద గీసి చూస్తాడు. ఇప్పుడు హాల్‌మార్క్ కేంద్రంలో యంత్రం చూస్తుంది. 22 క్యారట్ల నగ మీద 916 అన్న అంకె వేస్తే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారమని లెక్క. బంగారం అంటే 79 ప్రోటాన్లున్న మూలకమని రసాయనశాస్త్రం చెబుతుంది. ఇవేవీ తెలియని ముసలమ్మ 'ఈ గాజులు బంగారపువేనా?' అని అడిగినప్పుడు కూడా ఆ మాటకు గురి ఆ మూలకమే. ఊరిలో చాకిరి పంచుకున్నట్టే భాషలో కూడా చాకిరి పంచుకున్నామని పట్నం అన్నాడు. మాట అందరిదీ, పరీక్ష కొందరిది. ఆ కొందరిని నమ్మి మిగతావాళ్ళం మాట్లాడుతున్నాం.

అరువు రేపు

నానార్థాల సంగతి మిగిలింది. 'హరి' అన్న మాట గురి వాక్యాన్ని బట్టి మారుతుంది. కానీ గురి మారడమే పనిగా ఉన్న మాటలు కొన్ని భాషలో ఉన్నాయి. నేను, నువ్వు, ఇక్కడ, నిన్న, రేపు. కిరాణా కొట్లో 'అరువు రేపు' అని రాసిన పలక గుర్తుందా? ఈరోజు చదివితే రేపు రమ్మంటుంది. రేపు వచ్చి చదివితే ఎల్లుండి రమ్మంటుంది. పలక మీద అక్షరం మారలేదు, గురి రోజూ ఒక రోజు ముందుకు జరుగుతోంది.

1977లో డేవిడ్ కప్లాన్ ఇలాంటి మాటలకు ఒక సూత్రం చెప్పాడు. ఈ మాటలకు రెండు పొరలున్నాయి. ఒకటి మారని నియమం: 'రేపు' అంటే మాట్లాడే రోజుకు మరుసటి రోజు. రెండోది ఆ నియమాన్ని ఒక సందర్భంలో పెడితే దొరికే గురి. తెలుగులో ఈ నియమాలు కొన్నిచోట్ల మరీ చక్కగా ఉన్నాయి. 'మేము' అంటే వింటున్నవాళ్ళు అందులో లేరు. 'మనం' అంటే ఉన్నారు. ఇంగ్లీషులో ఈ రెండిటికీ ఒకే మాట. 'మేము సినిమాకు వెళుతున్నాం' అన్నదానికీ 'మనం సినిమాకు వెళుతున్నాం' అన్నదానికీ తేడా మూడేళ్ళ పిల్లకు కూడా తెలుసు. రెండో మాట వింటే చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది.

ఆ పిల్లకు ఈ నియమాలు ఎవరు నేర్పారు? మాట శక్తి తెలియడానికి వ్యాకరణం, నిఘంటువు, ఆప్తుల మాట లాంటి ఎనిమిది దారులను మన తార్కికులు లెక్కపెట్టారు. వాటిలో పసివాడికి మొదట అందేది పెద్దల వ్యవహారం. ఒక పెద్ద 'ఆవును తీసుకురా' అంటాడు, ఇంకొకడు తెస్తాడు. 'ఆవును కట్టెయ్' అంటాడు, కట్టేస్తాడు. 'గుర్రాన్ని తీసుకురా' అంటాడు, వేరే జంతువు వస్తుంది. ఏ మాట మారితే ఏది మారిందో పక్కన కూర్చున్న పసివాడు గమనిస్తాడు. నిఘంటువు తెరవకముందే గొలుసు అతని చేతికి అందింది.

చివరి మాట

మాటకు గురి ఉంది. ఆ గురిని చేరే చూపు ఉంది. చూపు తప్పినప్పుడు కూడా గురిని కాపాడే మనుషుల గొలుసు ఉంది. ఫ్రెగె రెండోదాన్ని, క్రిప్కి, పట్నం మూడోదాన్ని మనకు స్పష్టంగా చూపించారు. నా దృష్టిలో మూడోదే అన్నిటికంటే విలువైనది. విజ్ఞానశాస్త్రం తన తప్పులు దిద్దుకోగలుగుతున్నది దాని వల్లనే. తిమింగలం చేప అనుకున్నవాళ్ళూ, కాదని తెలుసుకున్నవాళ్ళూ ఒకే జంతువు గురించి మాట్లాడారు కాబట్టే రెండోవాళ్ళు మొదటివాళ్ళ తప్పును దిద్దగలిగారు. అభిప్రాయం మారినప్పుడల్లా గురి కూడా మారిపోతే, ఏ తరమూ తన ముందు తరాన్ని సరిదిద్దలేదు. ఎవరి మాటలు వారివి, ఎవరి లోకం వారిది అయ్యేది.

మన వాదనలకు కూడా ఇది పనికొస్తుంది. ఎవరితోనైనా గట్టిగా విభేదించినప్పుడు ఒక్కక్షణం ఆగి చూడండి. ఇద్దరూ ఒకే గురిని రెండు చూపులతో చూస్తున్నారా? అయితే ఇద్దరి చూపులూ కలిపితే వస్తువు మరింత బాగా తెలుస్తుంది. లేక ఒకే మాటతో రెండు వేర్వేరు గురులను కొడుతున్నారా? అయితే అది వాదనే కాదు, ముందు గురి ఏదో తేల్చుకోవాలి. 'మీరు అంటున్నది దేన్ని గురించి?' అన్న ప్రశ్న అడగడానికి చిన్నతనం పడనక్కరలేదు.

మనం వాడే ఏ మాటనూ మనం కనిపెట్టలేదు. గుంటూరులో గ్రహణం చూసినవారి దగ్గర నుంచి, పళ్ళెంలో బియ్యం మీద పేరు రాసినవారి దగ్గర నుంచి, ఆవును తీసుకురమ్మన్న పెద్దల దగ్గర నుంచి అవి మనకు అందాయి. వారు గురి తప్పకుండా అందించారు. మీ తర్వాతివారికి మీరూ అలాగే అందించండి.